యూరప్‌లో ‘ప్రభుత్వ సాయం’ పన్ను తీర్పులను చదివే పద్ధతి

ఒక దేశం ఏదైనా బహుళజాతి కంపెనీకి పన్నులో ప్రత్యేక వెసులుబాటు ఇచ్చిందా లేదా అనే వివాదం కోర్టుకెక్కినప్పుడు, పాఠకుడికి ముందుగా అందేది ఒక పెద్ద మొత్తం మాత్రమే. 2024 సెప్టెంబరు 10న యాపిల్ కేసులో యూరోపియన్ న్యాయస్థానం తుది తీర్పు చెప్పిన రోజున కూడా వార్తల్లో ప్రధానంగా కనిపించింది, యాపిల్ ఐర్లాండ్‌కు కట్టాల్సిన 1,300 కోట్ల యూరోల అంకే. దాదాపు ఇదే ఆరోపణతో మొదలైన ఫియట్, అమెజాన్ కేసుల్లో ఓడిపోయిన యూరోపియన్ కమిషన్ (యూరోపియన్ యూనియన్ కార్యనిర్వాహక సంస్థ) యాపిల్ కేసులో ఎలా గెలిచిందో ఆ అంకె చెప్పదు. ఆ తేడాను మూల పత్రాల నుంచి స్వయంగా రాబట్టుకోవాలనుకునే న్యాయశాస్త్ర, చార్టర్డ్ అకౌంటెన్సీ విద్యార్థులకు, హైదరాబాద్ కార్యాలయాల్లో ట్రాన్స్‌ఫర్ ప్రైసింగ్ (ఒకే గ్రూపు కంపెనీల మధ్య లావాదేవీల ధర నిర్ణయం) పని చేస్తున్నవారికి, వాణిజ్య విలేకరులకు ఉపయోగపడేలా ఒక పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా పత్రాలు సమకూర్చుకోవాలి. ఇలాంటి ప్రతి వివాదంలోనూ మూడు అంచెలు ఉంటాయి: కమిషన్ నిర్ణయం, దాన్ని సవాలు చేస్తే జనరల్ కోర్టు తీర్పు, దానిపై అప్పీలు వెళితే యూరోపియన్ న్యాయస్థానం తీర్పు. రెండు కోర్టులూ లక్సెంబర్గ్‌లోనే ఉన్నాయి, వాటి తీర్పులన్నీ కోర్టు వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. కేసు సంఖ్య ముందు ‘టి’ అక్షరం ఉంటే అది జనరల్ కోర్టుది, ‘సి’ ఉంటే పై న్యాయస్థానానిది, చివర ‘పి’ ఉంటే అది అప్పీలు. యాపిల్ వ్యవహారంలో టి-778/16, టి-892/16 కేసులపై 2020 జులై 15న ఒకే తీర్పు వచ్చింది. దానిపై వేసిన అప్పీలు సి-465/20 పి. కమిషన్ నిర్ణయం 2016 ఆగస్టు 30 నాటిది. అందులో వ్యాపార రహస్యాలుగా భావించిన కొన్ని అంకెలను తొలగించి ప్రచురించారు కాబట్టి, ఖాళీ బ్రాకెట్లు కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. ప్రతి తీర్పుతోపాటు కోర్టు విడుదల చేసే పత్రికా ప్రకటనను ముందు చదవండి, కానీ దానితో ఆగిపోకండి. అది న్యాయమూర్తులపై బైండింగ్ కాని సారాంశం మాత్రమేనని ఆ ప్రకటనలోనే రాసి ఉంటుంది.

చదవడం మొదలుపెట్టే ముందు, వివాదం ఎవరెవరి మధ్య నడుస్తోందో స్పష్టం చేసుకోవాలి. యాపిల్ పన్ను ఎగవేసిందని ఈ కేసులో ఎవరూ ఆరోపించలేదు. ఐర్లాండ్ ప్రభుత్వం తన పన్ను శాఖ ద్వారా ఒక కంపెనీకి ఇతరులకు దొరకని మేలు చేసిందన్నదే ఆరోపణ, కాబట్టి అసలు ఆరోపణ ఎదుర్కొన్నది ఐర్లాండ్. యూరోపియన్ యూనియన్ పనితీరు ఒప్పందంలోని 107వ అధికరణం ప్రకారం, సభ్యదేశం తన ప్రభుత్వ వనరులతో కొన్ని సంస్థలకు మాత్రమే మేలు చేసి పోటీని వక్రీకరిస్తే, సభ్యదేశాల మధ్య వ్యాపారంపై దాని ప్రభావం పడితే, అది సాధారణంగా నిషిద్ధ సాయం అవుతుంది. డబ్బు చేతికివ్వడమూ, రావలసిన పన్నును వదులుకోవడమూ ఈ అధికరణం దృష్టిలో ఒకటే. అలాంటి సాయాన్ని ముందుగా కమిషన్‌కు తెలియజేసి అనుమతి పొందాలని 108వ అధికరణం చెబుతుంది. తెలియజేయకుండా ఇచ్చిన సాయం చట్టవిరుద్ధమని తేలితే, ఇచ్చిన దేశమే దాన్ని వడ్డీతో సహా వెనక్కి వసూలు చేయాలి. ఇది జరిమానా కాదు. డబ్బు బ్రసెల్స్‌లోని కమిషన్‌కు వెళ్లదు, ఐర్లాండ్ ఖజానాకే వెళుతుంది. తన ఖజానాకు 1,300 కోట్ల యూరోలు తెచ్చిపెట్టే నిర్ణయంపై ఒక దేశం ఎనిమిదేళ్లు పోరాడిందంటే చాలామందికి వింతగా అనిపిస్తుంది. విదేశీ పెట్టుబడులను ఆకర్షించే దేశానికి, తన పన్ను శాఖ రాసి ఇచ్చిన మాట నిలబడుతుందన్న నమ్మకం ఎంత విలువైనదో గుర్తుంచుకుంటే ఆ పట్టుదల అర్థమవుతుంది.

మరో అపోహను కూడా ఇక్కడే వదిలించుకోవాలి. ఐర్లాండ్‌లో కార్పొరేట్ పన్ను రేటు 12.5 శాతం ఉండటం ఈ కేసులో తప్పు కాలేదు. ప్రత్యక్ష పన్నుల రేట్లు నిర్ణయించే అధికారం సభ్యదేశాలదే, యూనియన్ స్థాయిలో వాటిని మార్చాలంటే దేశాలన్నీ ఏకగ్రీవంగా ఒప్పుకోవాలి. అందరికీ తక్కువ రేటు పెట్టడం సాయం కాదు. అందరికీ వర్తించే చట్టాన్ని ఒకరికి వేరేగా వర్తింపజేస్తేనే సాయం అవుతుంది. ఈ వాక్యాన్ని మీ నోట్సులో పై వరుసలో రాసుకోండి, ఎందుకంటే తీర్పుల్లోని వందల పేరాలు చివరికి దీని చుట్టూనే తిరుగుతాయి.

తరువాతి పని కంపెనీ నిర్మాణాన్ని కాగితం మీద గీయడం. దీన్ని దాటవేసి నేరుగా న్యాయ విశ్లేషణలోకి వెళ్లినవారు యాపిల్ తీర్పులో ఇరవై పేరాలు దాటకముందే దారి తప్పుతారని నా అభిప్రాయం. పైన అమెరికాలోని యాపిల్ ఇంక్‌ను గీయండి. కింద రెండు పెట్టెలు వేయండి: యాపిల్ సేల్స్ ఇంటర్నేషనల్, యాపిల్ ఆపరేషన్స్ యూరప్. ఈ రెండూ ఐర్లాండ్‌లో నమోదైన కంపెనీలే, కానీ ఆనాటి ఐరిష్ నిబంధనల ప్రకారం వాటి నిర్వహణ, నియంత్రణ బయట ఉన్నాయి కాబట్టి ఐర్లాండ్‌కు అవి పన్ను నివాసులు కావు. అమెరికా చట్టం నమోదైన చోటును చూస్తుంది కాబట్టి అక్కడా నివాసులు కావు. ఇప్పుడు ఒక్కో పెట్టెను అడ్డగీతతో రెండుగా విభజించి, పై భాగంలో ‘ప్రధాన కార్యాలయం’ అని, కింది భాగంలో ‘ఐరిష్ బ్రాంచి’ అని రాయండి. ఐరిష్ బ్రాంచిల్లో ఉద్యోగులు, కార్యాలయాలు, రోజువారీ పని ఉన్నాయి. ప్రధాన కార్యాలయానికి ఏ దేశంలోనూ చిరునామా లేదు, ఉద్యోగులూ లేరు. డైరెక్టర్ల సమావేశాల మినిట్స్‌లో ప్రధానంగా డివిడెండ్లు, పరిపాలనా ఏర్పాట్లు, నగదు నిర్వహణ వంటి విషయాలే ఉన్నాయని కమిషన్ చూపించింది. మొత్తం వివాదం ఆ అడ్డగీత దగ్గరే ఉంది: లాభంలో ఎంత భాగం గీతకు పైన, ఎంత భాగం కింద?

2011 సంవత్సరాన్ని తీసుకుని అంకెలు వేసి చూడండి. యాపిల్ సేల్స్ ఇంటర్నేషనల్ ఉత్పత్తిదారుల దగ్గర కొని, యూరప్‌కే కాక మధ్యప్రాచ్యం, ఆఫ్రికా, భారతదేశాలకు కూడా అమ్మే సంస్థ. కమిషన్ లెక్క ప్రకారం ఆ ఏడాది దాని లాభం సుమారు 1,600 కోట్ల యూరోలు. పన్ను శాఖతో కుదిరిన ఏర్పాటు వల్ల అందులో దాదాపు 5 కోట్ల యూరోలు మాత్రమే ఐరిష్ బ్రాంచి లాభంగా లెక్కకు వచ్చాయి, మిగిలిన 1,595 కోట్లు చిరునామా లేని ప్రధాన కార్యాలయానికి చేరాయి. మొత్తం 1,600 కోట్ల మీద 12.5 శాతం వేస్తే 200 కోట్లు వస్తాయి. కట్టింది కోటి యూరోల కన్నా తక్కువ. 2014 వచ్చేసరికి ఈ వాస్తవ పన్ను రేటు 0.005 శాతానికి పడిపోయిందని, అంటే పది లక్షల యూరోల లాభానికి 50 యూరోలు కట్టారని కమిషన్ చెప్పింది. ఈ లెక్క మనసుకు గుచ్చుకుంటుంది, గుచ్చుకోవాలి కూడా. ఒక చిన్న దుకాణదారు కూడా తన ఆదాయంపై ఇంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ శాతం కడతాడు. కానీ న్యాయపరంగా ఈ రేటు దానంతటదే ఏమీ రుజువు చేయదని కూడా ఇక్కడే గ్రహించాలి.

అసలు కొలబద్దను వెతకడం

ఈ పద్ధతిలో అన్నిటికన్నా ముఖ్యమైన అడుగు ఇది, ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. కంపెనీకి మేలు జరిగిందని చెప్పాలంటే, ఆ ఏర్పాటు లేకపోతే ఎంత పన్ను పడేదో తెలియాలి. ఆ ‘లేకపోతే’ అన్న స్థితిని నిర్ణయించే సాధారణ పన్ను నియమావళే కొలబద్ద. తీర్పుల్లో దీన్ని ‘రిఫరెన్స్ సిస్టమ్’ పేరుతో చర్చిస్తారు. కొలబద్ద గుర్తింపులో తప్పు జరిగితే తరువాతి విశ్లేషణ అంతా కూలిపోతుంది. తీర్పును చేతిలోకి తీసుకున్నప్పుడు ఈ చర్చ ఏ పేరాల్లో ఉందో మొదట గుర్తుపెట్టుకుని మూడు ప్రశ్నలు అడగండి: కొలబద్ద ఏ చట్టంలోని ఏ నిబంధన? దాన్ని ఆ దేశ శాసనం స్వయంగా పెట్టుకుందా, లేక కమిషన్ బయటి నుంచి తెచ్చిందా? దానిపై ఏ పక్షమైనా పై కోర్టులో అభ్యంతరం లేవనెత్తిందా?

ఫియట్ కేసు ఈ ప్రశ్నల విలువను బాగా చూపిస్తుంది. లక్సెంబర్గ్‌లోని ఫియట్ ఫైనాన్స్ అండ్ ట్రేడ్ అనే సంస్థ గ్రూపులోని ఇతర కంపెనీలకు అప్పులిచ్చేది. దాని లాభాన్ని లెక్కించే పద్ధతిని అక్కడి పన్ను శాఖ 2012లో రూలింగ్ (పన్ను ఎలా లెక్కిస్తామో ముందే రాసి ఇచ్చే హామీ) ద్వారా ఆమోదించింది. 2015 అక్టోబరు 21న కమిషన్ దాన్ని చట్టవిరుద్ధ సాయమని ప్రకటించి, 2 నుంచి 3 కోట్ల యూరోల మేరకు వసూలు చేయమంది. సంబంధం లేని రెండు సంస్థల మధ్య అయితే ధర ఎంత ఉండేదో అంతే ఉండాలన్న ఆర్మ్స్ లెంగ్త్ సూత్రాన్ని కమిషన్ ఇక్కడ ప్రయోగించింది. ఆ సూత్రం సభ్యదేశ చట్టంలో ఉన్నా లేకపోయినా 107వ అధికరణం నుంచే వస్తుందన్నది కమిషన్ వాదన. 2019 సెప్టెంబరు 24న జనరల్ కోర్టు కమిషన్‌ను సమర్థించింది. 2022 నవంబరు 8న పై న్యాయస్థానం దాన్ని తిప్పికొట్టింది. యూనియన్ స్థాయిలో సమన్వయం జరగని పన్నుల విషయంలో, ఆ దేశంలో అమల్లో ఉన్న చట్టాన్నే చూడాలని, ఆ చట్టం పొందుపరచని సూత్రాన్ని కొలబద్దలో చేర్చడం కుదరదని స్పష్టం చేసింది. లక్సెంబర్గ్ పన్ను చట్టంలోని నిబంధనను, ఆ పన్ను శాఖ 2011లో జారీ చేసిన సర్క్యులర్‌ను పక్కనబెట్టి కమిషన్ తనదైన ఆర్మ్స్ లెంగ్త్ రూపాన్ని ప్రయోగించిందన్నదే లోపం.

అమెజాన్ కేసును దీని పక్కన పెట్టి చదవండి. 2003లో లక్సెంబర్గ్ ఇచ్చిన రూలింగ్ ప్రకారం, యూరప్ వ్యాపారం నడిపే కంపెనీ తన లాభంలో అధిక భాగాన్ని అక్కడే ఉన్న, పన్ను పడని మరో గ్రూపు సంస్థకు రాయల్టీగా చెల్లించేది. 2017 అక్టోబరు 4న కమిషన్ సుమారు 25 కోట్ల యూరోలు వసూలు చేయమంది. జనరల్ కోర్టు 2021 మే 12న ఆ నిర్ణయాన్ని రద్దు చేసింది, 2023 డిసెంబరు 14న పై న్యాయస్థానం కమిషన్ అప్పీలును కొట్టేసింది. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. రెండు కోర్టులూ కమిషన్‌ను ఓడించినా కారణాలు వేరు. కమిషన్ మేలును రుజువు చేయలేకపోయిందని కింది కోర్టు అంటే, అసలు కొలబద్దే తప్పని, లక్సెంబర్గ్ చట్టంలో చేర్చని ఓఈసీడీ (ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ) మార్గదర్శకాలను చట్టంలా వాడుకున్నారని పై కోర్టు అంది. ఫలితం ఒకటే కదా అని ఈ తేడాను వదిలేస్తే, తరువాతి కేసుకు ఏది పనికొస్తుందో తెలియకుండా పోతుంది.

ఇప్పుడు యాపిల్‌కు తిరిగి వస్తే, కొలబద్ద ఐర్లాండ్ సొంత చట్టమే: 1997 పన్ను చట్టంలోని 25వ సెక్షన్. దేశంలో నివాసి కాని కంపెనీ అక్కడి బ్రాంచి ద్వారా ప్రత్యక్షంగా గాని పరోక్షంగా గాని వచ్చిన వ్యాపార లాభంపైన, బ్రాంచి వాడుకునే లేదా దాని తరఫున ఉన్న ఆస్తుల ఆదాయంపైన పన్ను కట్టాలని అది చెబుతుంది. ఆ సెక్షన్‌ను వర్తింపజేయడంలో ఆర్మ్స్ లెంగ్త్ పద్ధతిని వాడవచ్చని జనరల్ కోర్టు ఒప్పుకుంది. కానీ 2020లో ఆ కోర్టు కమిషన్ నిర్ణయాన్ని రద్దు చేసింది; అక్కడ ఓడిపోయింది కమిషన్ కాబట్టి అప్పీలుకు వెళ్లింది కూడా కమిషనే. గెలిచిన ఐర్లాండ్, యాపిల్‌లు తమకు వ్యతిరేకంగా వచ్చిన ఆ ఒక్క అంశంపై క్రాస్ అప్పీలు (ఎదురు అప్పీలు) వేయలేదు. దాంతో కొలబద్ద విషయం అక్కడే తుది రూపం తీసుకుందని పై న్యాయస్థానం భావించింది. 2024 తీర్పును కమిషన్ సిద్ధాంతానికి సంపూర్ణ విజయంగా చిత్రించే వ్యాఖ్యానాలను జాగ్రత్తగా తీసుకోవాలని నేననేది ఇందుకే. ఫియట్ తీర్పు సూత్రం చెక్కుచెదరలేదు. యాపిల్ గెలుపులో ఆ కేసు నడిచిన దారికి పెద్ద వాటా ఉంది.

రుజువు ఎవరిది, పోలిక దేనితో

కొలబద్ద తేలాక, మేలు జరిగిందని చూపే బాధ్యత కమిషన్‌దే. రూలింగ్‌లోని లెక్కింపు పద్ధతి లోపభూయిష్ఠమని చూపితే సరిపోదు, ఆ లోపం వల్ల పన్ను తగ్గిందని కూడా చూపాలి. స్టార్‌బక్స్ కేసులో కమిషన్ ఓడింది దీనివల్లే. ఆమ్‌స్టర్‌డామ్‌లో కాఫీ గింజలు వేయించే సంస్థ, వేయించే విధానానికి సంబంధించిన పరిజ్ఞానం కోసం బ్రిటన్‌లోని ఆల్కి అనే గ్రూపు సంస్థకు రాయల్టీ కట్టేది, పచ్చి గింజలను స్విట్జర్లాండ్‌లోని మరో గ్రూపు సంస్థ దగ్గర కొనేది. బయటి కాఫీ సంస్థలెవరూ ఇలాంటి రాయల్టీ కట్టరని, గింజల ధరను పెంచి చూపారని కమిషన్ వాదించింది. వాదన వినడానికి బలంగానే ఉంది, కానీ నెదర్లాండ్స్ పన్ను భారం తగ్గిందన్న రుజువుకు అది చేరలేదని 2019లో జనరల్ కోర్టు తేల్చింది. కమిషన్ అప్పీలుకు వెళ్లలేదు.

యాపిల్ కేసులో 2020 నాటి రద్దుకు, 2024 నాటి పునరుద్ధరణకు మధ్య మారింది ఈ రుజువును చూసే తీరే. ప్రధాన కార్యాలయంలో ఎవరూ లేరు కాబట్టి మేధో సంపత్తి లాభమంతా బ్రాంచికే చెందుతుందని కమిషన్ మినహాయింపు తర్కంతో తేల్చిందని, బ్రాంచి ఆ పనులు నిజంగా చేసిందని చూపలేదని జనరల్ కోర్టు భావించింది. అసలు నిర్ణయాలు అమెరికాలోని యాపిల్ ఇంక్ తీసుకుందన్న ఆధారాలకు కూడా బరువిచ్చింది. పై న్యాయస్థానం ఇందులో రెండు తప్పులు చూసింది. కమిషన్ నిర్ణయాన్ని సరిగా చదవలేదన్నది మొదటిది: బ్రాంచిల వాస్తవ పనులను కూడా కమిషన్ పరిశీలించింది. రెండవది పోలికకు సంబంధించింది. 25వ సెక్షన్ ప్రకారం లాభాన్ని పంచాల్సింది ఒకే కంపెనీలోని ప్రధాన కార్యాలయానికి, బ్రాంచికి మధ్య. వేరే కంపెనీ అయిన యాపిల్ ఇంక్ చేసిన పని ఆ పంపకంలోకి రాదు. మీరు గీసిన బొమ్మను ఇక్కడ మళ్లీ చూడండి, పోలిక అడ్డగీతకు ఇరువైపులే జరగాలి, పై పెట్టెతో కాదు.

అప్పీలులో న్యాయపరమైన తప్పులనే పరిశీలిస్తారని, వాస్తవాలను మళ్లీ తూచరని గుర్తుంచుకోండి. కింది తీర్పును పక్కనబెట్టాక కేసును తిరిగి జనరల్ కోర్టుకు పంపవచ్చు. 2023 నవంబరులో అడ్వొకేట్ జనరల్ (తీర్పుకు ముందు న్యాయస్థానానికి స్వతంత్ర అభిప్రాయం ఇచ్చే అధికారి) పిత్రుజ్జెల్లా సూచించింది కూడా అదే. న్యాయస్థానం ఆ సూచనను దాటి, కేసు తేల్చదగిన దశలో ఉందంటూ తానే అంతిమ తీర్పు చెప్పింది. అడ్వొకేట్ జనరల్ అభిప్రాయాన్ని తీర్పుగా రాసేసే పొరపాటు విలేకరులు ఎన్నడూ చేయకూడదు.

డబ్బు లెక్కను ఆఖరున చూడండి. వసూలు కాలపరిమితి కమిషన్ తొలి సమాచార అభ్యర్థనకు ముందు పదేళ్లు. యాపిల్ విషయంలో ఆ అభ్యర్థన 2013లో వెళ్లింది కాబట్టి, రూలింగులు 1991, 2007 సంవత్సరాలవైనా వసూలు 2003 నుంచే మొదలైంది, నిర్మాణం మారేవరకు, అంటే 2014 దాకా సాగింది. కోర్టులో సవాలు చేసినంత మాత్రాన వసూలు ఆగదు. ఐర్లాండ్ ఆలస్యం చేస్తే 2017లో కమిషన్ దానిపై కోర్టుకెళ్లింది. 2018లో 1,310 కోట్ల అసలు, 120 కోట్ల వడ్డీ కలిపి 1,430 కోట్ల యూరోలు ఎస్క్రో ఖాతాలో (వివాదం తేలేవరకు డబ్బును విడిగా ఉంచే ఖాతా) పడ్డాయి. తీర్పు రోజున ఆ ఖాతాలో ఉన్న మొత్తం, 2016 నాటి శీర్షికలోని మొత్తం ఒకటి కావని దీన్నిబట్టి తెలుస్తుంది.

కేసులన్నిటినీ ఒకే గాటన కట్టకుండా, మీరు చదివిన ప్రతిదానికీ కొలబద్ద ఏమిటో, కమిషన్ ఎక్కడ నిలిచిందో, ఎక్కడ జారిందో ఒక్కో వాక్యం రాసి పెట్టుకోండి. మెక్‌డొనాల్డ్స్ విషయంలో 2018లో కమిషనే సాయం లేదని తేల్చింది. ఫ్రెంచ్ ఇంధన సంస్థ ఎంజీ కేసును 2023 డిసెంబరు 5న ఓడిపోయింది. బెల్జియం ‘అదనపు లాభం’ మినహాయింపు విషయంలో 2023 సెప్టెంబరులో జనరల్ కోర్టులో గెలిచింది. యాపిల్ తీర్పు వచ్చిన తొమ్మిది రోజులకే, బ్రిటన్ విదేశీ అనుబంధ కంపెనీల నిబంధనల కేసులో మళ్లీ కొలబద్ద దగ్గరే ఓడింది.

ఈ తీర్పులను మన దేశ పరిస్థితికి అన్వయించేవారు ఒక తేడాను మరవకూడదు. 1961 ఆదాయపు పన్ను చట్టంలో ఆర్మ్స్ లెంగ్త్ నిబంధనలు 2001లోనే చేరాయి, ముందస్తు ధర ఒప్పందాలు (గ్రూపు లావాదేవీల ధర లెక్కపై పన్ను శాఖతో ముందే కుదుర్చుకునేవి) 2012లో వచ్చాయి. అంటే ఫియట్ కేసులో కమిషన్‌కు కొరవడిన కొలబద్ద ఇక్కడ శాసనంలోనే ఉంది. కానీ అలాంటి ఒప్పందం ఒక కంపెనీకి అనుచిత మేలు చేసిందని ప్రశ్నించే, 107వ అధికరణం లాంటి ఏర్పాటు లేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పరిశ్రమలకు ఇచ్చే భూమి, విద్యుత్, పన్ను ప్రోత్సాహకాలను పోటీ దృష్టితో పరిశీలించే పై సంస్థ కూడా లేదు. అలాంటి కేటాయింపులు సాధారణంగా హైకోర్టుకు వెళ్లేది 226వ అధికరణం కింద, ప్రభుత్వ నిర్ణయంలో పక్షపాతం ఉందా అన్న ప్రశ్నతో. బయటి నుంచి వచ్చే ప్రశ్న ప్రపంచ వాణిజ్య సంస్థది: ప్రత్యేక ఆర్థిక మండళ్లతో సహా భారత్ ఎగుమతి ప్రోత్సాహకాలపై అమెరికా వేసిన కేసులో 2019 అక్టోబరు 31న ప్యానెల్ నివేదిక ఎక్కువ అంశాల్లో భారత్‌కు వ్యతిరేకంగా వచ్చింది, భారత్ అప్పీలు చేసింది, అప్పీలు సంస్థలో సభ్యుల కొరతతో అది విచారణకు రాలేదు. ఆ నివేదికను కూడా ఇదే క్రమంలో చదవవచ్చు. అయితే అక్కడ కొలబద్ద దేశీయ పన్ను చట్టం కాదు, సబ్సిడీల ఒప్పందంలోని ఎగుమతి షరతు, కాబట్టి ముందుగా తెరవాల్సింది ఆ ఒప్పందంలోని 3వ అధికరణాన్ని.